లెక్కలోకి రాని దెబ్బలు

నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో బాక్సింగ్ ప్రపంచ విజేత అయ్యాక, గ్లౌజులు కొనిపెట్టమని పిల్లలు అడిగితే కాదనడం తల్లిదండ్రులకు కష్టమే. ఆ తల్లిదండ్రులే 2025 ఆగస్టులో టోక్యో వార్త కూడా చదివారు. కొరాకుయెన్ హాల్‌లో ఒకే రోజు బరిలో దిగిన షిగెతోషి కొటారి, హిరోమాసా ఉరకావా అనే ఇద్దరు బాక్సర్లు పుర్రె లోపల రక్తం చేరి ఒక రోజు తేడాతో చనిపోయారు. ఇద్దరికీ 28 ఏళ్లే. ఇంత ముప్పున్న ఆట మన పిల్లలకు అవసరమా?

నిషేధం మాట కొత్తదేమీ కాదు. ప్రొఫెషనల్ బాక్సింగ్‌ను స్వీడన్ 1970లో, నార్వే 1981లో నిషేధించి, వరుసగా 2006లో, 2014లో మళ్లీ తలుపు తెరిచాయి. 1982లో కొరియా బాక్సర్ కిమ్ డుక్ కూ 14వ రౌండ్‌లో కూలిపోయి ప్రాణం విడిచాక, ప్రపంచ బాక్సింగ్ కౌన్సిల్ (డబ్ల్యూబీసీ) తన టైటిల్ పోరును 15 రౌండ్ల నుంచి 12కు కుదించింది. ఎల్బీ స్టేడియంలోనో జిల్లా కేంద్రంలోనో మన పిల్లలు నేర్చుకునేది ఆ ప్రొఫెషనల్ బాక్సింగ్ కాదు. వాళ్లది ఒలింపిక్ పద్ధతి. పెద్దల విభాగంలో మూడేసి నిమిషాల మూడు రౌండ్లు, రింగ్ పక్కనే డాక్టర్, దెబ్బ తిన్నవాడికి ఎనిమిది అంకెలు లెక్కపెట్టి, కళ్లలోకి చూసి, అవసరమైతే ఆట ఆపేసే రెఫరీ. ఇలాంటి బాక్సింగ్ ఆడించవచ్చనే మా అభిప్రాయం. మా భయమంతా స్పారింగ్ గురించి, అంటే జిమ్‌లో ఇద్దరు ఎదురెదురుగా నిలబడి కొట్టుకుంటూ చేసే ప్రాక్టీసు గురించి.

పోటీలో ఒక బౌట్ మొత్తం తొమ్మిది నిమిషాలు. వారానికి మూడు సాయంత్రాలు, పూటకు ఆరు రౌండ్ల చొప్పున స్పారింగ్ చేసే కుర్రాడు నెలకు 72 రౌండ్లు ఆడతాడు. అంటే 24 బౌట్లు! బౌట్‌లో నాకౌటైతే రికార్డు బుక్కులో రాస్తారు, కనీసం 30 రోజులు రింగ్ ఎక్కనివ్వరు. స్పృహ తప్పితే ఆ గడువు ఇంకా పెరుగుతుంది. అదే దెబ్బ ప్రాక్టీసులో తగిలితే రాసే పుస్తకమే లేదు. మర్నాడు కుర్రాడు మళ్లీ గ్లౌజులు కట్టుకుంటాడు.

దవడకు పక్కనుంచి హుక్ తగిలినప్పుడు తల గిర్రున తిరుగుతుంది. లోపలి మెదడు క్షణం ఆలస్యంగా కదులుతుంది. ఆ లాగుడుకు మెదడు పైపొరకు అతుక్కుని ఉన్న సన్నటి సిరలు తెగవచ్చు. రక్తం నెమ్మదిగా చేరుతుంది కాబట్టే ‘ఏం కాలేదు సార్’ అని బస్సెక్కినవాడు రాత్రికి వాంతులు చేసుకుంటాడు. తలనొప్పి ముదరడం, మాట తడబడటం, మగతగా ఉండటం, ఒక కంటిపాప రెండోదాని కన్నా పెద్దదిగా కనిపించడం – వీటిలో ఏది కనిపించినా నొప్పి మాత్ర వేసి పడుకోబెట్టకూడదు, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి పరుగెత్తాలి. తొలి దెబ్బ మానకముందే రెండోది తగిలితే, అది చిన్నదైనా, మెదడు ఒక్కసారిగా వాచి ప్రాణం తీసిన సందర్భాలున్నాయి.

హెడ్‌గార్డ్ ఉందిగా అంటారు. అది కనుబొమ చిట్లకుండా, చెవి నలగకుండా కాపాడుతుంది. తల గిర్రున తిరగడాన్ని మాత్రం ఆపలేదు. పెద్దల పురుషుల పోటీల్లో 2013 నుంచి హెడ్‌గార్డ్ తీసేశారు కూడా. అది పెట్టుకున్నాం కదా అని గట్టిగా కొట్టించడం జిమ్‌లలో పాత తప్పు.

గ్లౌజు సంగతి ఇంకా తేలిక, అయినా ఎవరూ పట్టించుకోరు. పోటీకి 10, 12 ఔన్సులవి వాడినా స్పారింగ్‌కు 14 నుంచి 16 ఔన్సులవి ఉండాలి. శిక్షణ కేంద్రాల్లో ఒకే జతను పది మంది తొడుగుతారు. చెమటకు, వాడకానికి మెటికల దగ్గరి ఫోమ్ అణిగిపోతుంది. గ్లౌజు తొడుక్కుని అక్కడ బొటనవేలితో నొక్కి చూడండి. లోపలి ఎముక తగిలిందా, ఆ జత పంచింగ్ బ్యాగు కొట్టడానికీ పనికిరాదు. గ్లౌజు లోపల చేతికి చుట్టే బ్యాండేజ్ మణికట్టుకు మూడు చుట్లు, మెటికలకు మూడు చుట్లు పడి, వేళ్ల సందుల్లోంచి వచ్చి బొటనవేలికి బిగియాలి. అది వదులైతే చిటికెన వేలి కింది ఎముక విరుగుతుంది. పళ్లకు తొడిగే గమ్‌షీల్డ్ నోరు తెరవగానే ఊడిపడితే అది ఉన్నా లేనట్టే.

బరువు తగ్గించడం మరో పిచ్చి. పోటీకి రెండు రోజుల ముందు నీళ్లు మానేసి, ప్లాస్టిక్ సూటు వేసుకుని, మే నెల హైదరాబాద్ ఎండలో పరుగెత్తించే కోచ్‌లు తమ శిష్యుల్ని రింగ్‌లోకి సగం ఓడించి పంపుతున్నారు. ఒళ్లు ఎండిపోయినవాడి కాళ్లు ముందు ఆగుతాయి, ఆ తర్వాత గార్డ్, అంటే ముఖానికి అడ్డుపెట్టిన చేతులు, దిగుతుంది.

గచ్చిబౌలి జిమ్‌లలో ఆఫీసు వదిలాక బ్యాగు, కోచ్ చేతికి తొడిగిన ప్యాడ్లు కొట్టేవాళ్లకు ఈ బెడద లేదు. వాళ్ల తలకు ఎవరూ గురిపెట్టరు. స్పోర్ట్స్ కోటాలో పోలీసు, రైల్వే ఉద్యోగం వస్తుందని ఆశపడే ఇంటి పిల్లలే ఎక్కువ దెబ్బలు తింటారు. పతకం తెచ్చిన నిఖత్‌కు 2022లో రాష్ట్ర ప్రభుత్వం రూ.2 కోట్లు ఇచ్చింది, సంతోషం. ఆ మెట్టు దాకా చేరని వందో కుర్రాడి తలకు ఏమైందో కనుక్కునే ఏర్పాటుకు అందులో వీసమెత్తు ఖర్చు కూడా కాదు.

అడుగుతున్నది పెద్దదేమీ కాదు. శిక్షణ కేంద్రం ఏదైనా క్రీడాశాఖలో నమోదు కావాలి. ప్రతి బాక్సర్‌కు ఒక స్పారింగ్ రిజిస్టర్ ఉండాలి. తేదీ, ఎన్ని రౌండ్లు, ఎవరితో, తలకు తగిలిందా, తగిలితే తర్వాత ఎన్నాళ్లు ఆపారు, మళ్లీ అనుమతించిన డాక్టర్ ఎవరు అన్నవి రాయాలి. గట్టి స్పారింగ్ వారానికి ఒక్కసారి చాలు, మిగతా రోజులు ఒంటికి మాత్రమే, లేదా ప్యాడ్లపై. పన్నెండు, పదమూడేళ్ల పిల్లలకు తలపై కొట్టే స్పారింగే వద్దు. ఆ వయసులో అడుగులు, జాబ్ (ముందు చేత్తో సూటిగా కొట్టే దెబ్బ), తప్పించుకోవడం నేర్పితే చాలు. ఎల్బీ స్టేడియం నుంచి పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రి నాలుగైదు కిలోమీటర్లే, కానీ సాయంత్రం ఆరున్నరకు ఆ దారి ఎలా ఉంటుందో నగరంలో అందరికీ తెలుసు. స్పారింగ్ జరిగే హాలు గోడ మీద, రాత్రిపూట న్యూరోసర్జన్ అందుబాటులో ఉండే దగ్గరి ఆసుపత్రి పేరు, ఫోన్ నంబరు పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి. పిల్లల్ని చేర్చడానికి వెళ్లిన తల్లిదండ్రులు ఫీజు ఎంత అని అడిగే ముందు ఆ గోడ, ఆ రిజిస్టర్ చూపించమనాలి.