స్టడీ అవర్ ఎవరిది?

సాయంత్రం స్టడీ అవర్‌లో చప్పుడు లేకపోతే చదువు సాగుతున్నట్టేనని మన గురుకులాలు, హాస్టళ్లు, జూనియర్ కాలేజీలు నమ్ముతున్నాయి. ఏ సబ్జెక్టు తీయాలో టైంటేబుల్ చెబుతుంది. ఏ ప్రశ్న ముఖ్యమో మాస్టారు టిక్కు పెడతారు. జవాబు గైడులో ఉంటుంది. తనకేం రాదో తేల్చుకునే పని మాత్రం విద్యార్థికి ఎవరూ అప్పగించరు. మంచి మార్కులతో ఇంటర్ దాటిన పిల్లలు కూడా టిక్కు పెట్టేవారు లేని చోట తడబడడానికి ఇదొక ముఖ్య కారణం.

దీన్ని సరిదిద్దడానికి అదనపు గంటలు అక్కర్లేదు. ఉన్న గంటనే మార్చాలి. మొదటి 5 నిమిషాల్లో ఆ పూట ఏం సాధిస్తాడో విద్యార్థి ఒక వాక్యం రాసుకోవాలి. 'ఫిజిక్స్ చదువుతాను' అంటే చాలదు, 'కుంభాకార కటకానికి మూడు కిరణచిత్రాలు చూడకుండా గీస్తాను' అనాలి. 20 నిమిషాలు చదివి, పుస్తకం మూసి, 15 నిమిషాలు గుర్తున్నదంతా తెల్లకాగితం మీద పెట్టాలి. తర్వాతి 10 నిమిషాలు పుస్తకం తెరిచి, తప్పులను, వదిలేసినవాటిని ఎర్ర పెన్నుతో తానే దిద్దుకోవాలి. చివరి 10 నిమిషాలు ఎర్రసిరా పడిన చోట్లకే. అదే అంశాన్ని రెండు రోజుల తర్వాత ఒకసారి, వారం తర్వాత ఇంకోసారి చూడకుండా రాయాలి.

పిల్లలు దీన్ని మొదట ఇష్టపడరు. ఖాళీ కాగితం బెదిరిస్తుంది, మళ్లీ మళ్లీ చదవడం హాయిగా ఉంటుంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగంలో 5 నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్లీ చదివినవారిదే పైచేయి. వారం గడిచాక వారికి గుర్తున్నది 42 శాతం, చూడకుండా రాసి చూసుకున్నవారికి 56 శాతం. చదివిన వెంటనే అప్పజెప్పించుకునే మన పద్ధతి ఈ తేడాను కనిపించనివ్వదు.

లెక్కల్లో చిక్కు వేరు. గైడులో సాధన చూడగానే 'అర్థమైంది' అనిపిస్తుంది, పరీక్షలో చెయ్యి కదలదు. కనీసం 10 నిమిషాలు సొంతంగా ప్రయత్నించాక, సాధనలో ఆగిన మెట్టు ఒక్కటే చూసి గైడు మూసేయాలి. మర్నాడు అంకెలు మార్చి అదే లెక్క చేయాలి. తప్పు పోతే కారణం పక్కనే రాయాలి: ప్రశ్న సరిగా చదవలేదా, సూత్రం తెలియదా, కూడికలో పొరపాటా? మూడింటికీ మందు వేరు.

ఉపాధ్యాయులు ఒక్కసారిగా పక్కకు తప్పుకుంటే ఇదంతా బెడిసికొడుతుంది, ముందుగా దెబ్బతినేది పునాది బలహీనంగా ఉన్న పిల్లలే. జూన్, జులైల్లో ప్రణాళిక ఎలా వేయాలో బోర్డు మీద చేసి చూపాలి. ఆగస్టు నుంచి రెండు మూడు పనులిచ్చి ఎంచుకోమనాలి. దసరా సెలవుల తర్వాత ప్రణాళిక విద్యార్థిది, వారానికోసారి చూడడం ఉపాధ్యాయుడిది. కాగితం ఖాళీగానే మిగిలే పిల్లలకు నాలుగైదు సూచన పదాలివ్వాలి. సందేహంతో వచ్చినవారిని ముందు 'ఎంతవరకు చేశావు?' అని అడగాలి.

కొన్ని తెలుగు వాచకాల్లో పాఠం చివర 'నేనివి చేయగలనా?' అనే పట్టిక ఉండనే ఉంది. రుజువు అడిగేవారు లేక పిల్లలు అన్నింటికీ 'అవును' అని టిక్కు కొట్టేస్తారు. ప్రతి 'అవును' పక్కన ఒక ఉదాహరణ రాయించాలి. దానికి మార్కులు వేయకూడదు, వేస్తే నిజం రాయరు.

పదో తరగతి ప్రత్యేక తరగతుల్లో వారానికి కనీసం రెండు సాయంత్రాలైనా ఈ పద్ధతికి కేటాయించాలని రెండు రాష్ట్రాల విద్యాశాఖలను కోరుతున్నాం. తనిఖీకి వెళ్లే అధికారులు గదిలో నిశ్శబ్దాన్ని కాక, పిల్లలు తమ చేత్తో దిద్దుకున్న కాగితాలను అడిగి చూడాలి.