కొండవీడు కొలిమికి తడి చెత్త ఎందుకు?

పొద్దున్నే కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర నిలబడితే విజయవాడ చెత్త ఎలా ఉంటుందో అర్థమవుతుంది. అరటి బోదెలు, కుళ్లిన టమాటాలు, క్యాబేజీ ఆకులు. పారతో ట్రాక్టర్లోకి ఎత్తుతుంటే కింద నీళ్లు కారుతూనే ఉంటాయి. విజయవాడ, గుంటూరు, చుట్టుపక్కల పట్టణాల చెత్త కాల్చి కరెంటు తీయడానికి కొండవీడు దగ్గర 15 మెగావాట్ల ప్లాంటు ఉంది. ఈ తడినంతా యాభై కిలోమీటర్లకు పైగా మోసుకెళ్లి అక్కడ మంటలో వేయడం ఏం లెక్క?

కాల్చడమే తప్పని నేను అనను. అజిత్‌సింగ్‌నగర్ డంపింగ్ యార్డు పక్కన బతికినవాళ్లకు చెత్తగుట్ట రాజుకుంటే ఎలా ఉంటుందో తెలుసు. ఆ పొగకు అడ్డూ ఆపూ ఉండదు. దానికన్నా ఫిల్టర్లున్న కొలిమి నయమే. అయితే కొలిమికి మండే సరుకు కావాలి. మన ఊళ్ల చెత్తలో దాదాపు సగం తడి. ముందు ఆ నీళ్లు ఆవిరైతే గానీ వేడి మిగలదు. మంట చల్లబడితే ప్లాస్టిక్ సరిగా కాలక డయాక్సిన్లనే విషపదార్థాల ముప్పు కూడా పెరుగుతుంది. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు కూడా, మళ్లీ వాడుకోలేనిదై కిలోకు 1500 కిలో కేలరీలు, ఆపైన వేడి ఇచ్చే చెత్తను పూడ్చకుండా ఇంధనంగా వాడమన్నాయి. ఢిల్లీ తిమార్‌పూర్‌లో 1987లో పెట్టిన ప్లాంటు మూడు వారాలకే ఆగిపోయింది, చెత్తకు మండే సత్తా లేక. మనకూ ఇది కొత్త కాదు. 2003లో విజయవాడ, గుంటూరు చెత్తతో నడపాలని పెట్టిన 6 మెగావాట్ల ప్లాంటు కూడా మూతపడింది.

నాకు అసలు టెన్షన్ వేరే ఉంది. కొలిమికి రోజూ మేత కావాలి. టన్నుల లెక్కన చెత్త పంపడమే పనైపోతే తడి పొడి వేరుచేయాలన్న పట్టుదల ఎవరికి ఉంటుంది? మా ఇంట్లో తొక్కలు ఆకుపచ్చ డబ్బాలో, పాల కవర్లు నీలం డబ్బాలో వేస్తాం. బండి వచ్చాక రెండూ ఒకే గుట్టలో పడతాయి. ఒకరోజు అడిగేశాను. "ఏం చేయమంటారమ్మా, అక్కడ ఎలాగూ కలిపేస్తారు" అన్నాడు కార్మికుడు. అతని తప్పేముంది? విడిగా తీసుకెళ్లడానికి విడి చోటు చూపించాలి కదా.

ఇది మనవల్ల కాని పని కాదు. హైదరాబాద్ దారిలో వచ్చే సూర్యాపేట 2000ల మొదట్లోనే ఇంటింటా తడి, పొడి విడిగా తీసుకుని ఎరువు చేసింది. ఇండోర్‌లో 2022 నుంచి రోజుకు 550 టన్నుల తడి చెత్తను కుళ్లబెట్టి గ్యాస్ తీయగల ప్లాంటు ఉంది. అక్కడ ముందు ఇళ్లలో వేరుచేయడం అలవాటైంది, ప్లాంటు ఆ తర్వాత వచ్చింది.

మనం మార్కెట్లు, రైతుబజార్లు, హోటళ్లతో మొదలుపెట్టొచ్చు. అక్కడ తడి చెత్త ఎక్కువ భాగం విడిగానే పుడుతుంది, ఇల్లిల్లూ తిరిగి బతిమాలక్కర్లేదు. కాళేశ్వరరావు మార్కెట్ ట్రాక్టర్ వెళ్లడానికి ఊళ్లోనే ఒక గ్యాస్ ప్లాంటు కట్టండి. పాల కవర్లు, అట్టలు పాత సామాన్లు కొనేవాళ్లకు చేరనివ్వండి. ఆ తర్వాత మిగిలిన చిరిగిన గుడ్డలు, పనికిరాని ప్లాస్టిక్ కొండవీడుకు పంపండి.