మాట మనకు రాకున్నా వాక్యం వాళ్లదే కావాలి

జకార్తాకు వచ్చిన తొలి నెలల్లో మన తెలుగువారిలో చాలామంది ఇండోనేషియన్‌లో ఇంగ్లీషు కలిపే మాట్లాడతాం. కూరగాయలపై వేరుసెనగ పచ్చడి పోసి కలిపే వంటకం పేరుతో ఇక్కడివారు దీన్ని ‘బహాసా గదో-గదో’ అంటారు. మొదటి రోజు నుంచే ఒక్క ఇంగ్లీషు మాటా దొర్లకూడదని పట్టుబట్టే భాష నేర్పేవారితో నేను ఏకీభవించలేను. 1928 అక్టోబరు 28న ఇక్కడి యువత చేసిన ‘యువజన ప్రతిజ్ఞ’లో ఐక్యతా భాషగా స్వీకరించిన ఈ భాషను, ఇంట్లో జావనీస్, సుందనీస్ వంటివి మాట్లాడే ఎంతోమంది తాము కూడా రెండో భాషగానే నేర్చుకున్నారు. కొత్తవారి తడబాటును వారు ఓపికగా వింటారు.

ఒకసారి సంతలో కూరలమ్మే ఆవిడతో ‘బూ, సాయా మౌ బెలి స్పినాచ్’ అన్నాను, అంటే ‘అమ్మా, నాకు పాలకూర కావాలి’ అని. ఆవిడ ఆకుకూర నా చేతికిచ్చి, ‘బాయమ్. సతు ఇకత్’ అన్నారు. చూస్తే అది పాలకూర కాదు, మన తోటకూర. ‘ఇకత్’ అంటే కట్టడం, ‘సతు ఇకత్’ అంటే ఒక కట్ట. ఆ ఒక్క ఇంగ్లీషు మాట అనకూడదని నేను నోరు విప్పకుండా ఆగిపోయి ఉంటే ఈ రెండు మాటలూ నాకు దక్కేవి కావు.

అయితే వాక్యపు చట్రం మాత్రం ఇండోనేషియన్‌దే కావాలి. ‘బస్సు మిస్సయ్యాను’ అన్నప్పుడు మాటలు ఇంగ్లీషువైనా వాక్యం తెలుగే కదా. ఇంగ్లీషులో ఆలోచించి ఇండోనేషియన్ మాటలు పేర్చేవారు, తెలుగువారిగా తమకు ముందే ఉన్న సొత్తును చేజార్చుకుంటున్నారని నా బాధ. ‘కితా’, ‘కామి’ అచ్చంగా మన ‘మనం’, ‘మేము’. ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే మాట. ‘సుదా మాకన్?’ (‘భోంచేశారా?’) అని పొరుగింటి పెద్దావిడ అడిగితే, ‘తిదక్’ అనడం ముక్కుసూటిగా ‘లేదు’ అన్నట్టుంటుంది. అక్కడ అనవలసింది ‘బెలుమ్’, అంటే ‘ఇంకా లేదండి’. పెద్దవారిని ‘యూ’ అని గడిపేయడం మరీ నొప్పిస్తుంది, ఎందుకంటే ‘ఇబు సుదా మాకన్?’ అనడంలో ‘అమ్మగారు భోంచేశారా?’ అన్నంత మన్నన ఉంది.

ఎన్నేళ్లున్నా ఇంగ్లీషు ఊతకర్ర వదలనివారు ఉన్నారన్న మాట నిజమే. అందుకే మన సంఘం తరగతుల్లో ఇంగ్లీషు మాటను ఆపడానికి బదులు, దాని వెంటే అడగవలసిన ప్రశ్నను మొదటి పాఠంగా నేర్పాలని కోరుతున్నాను: ‘ఇని నామన్యా ఆపా, బూ?’, అంటే ‘దీని పేరేమిటమ్మా?’ అందులోని ‘నామా’ మన నామమే.