కనిపెట్టడం మరచిన సంఘం

ఆదివారం ఆరాధనలో పాస్టరు గారు "ఒక్క నిమిషం మౌనంగా ప్రార్థిద్దాం" అంటారు. అనీ అనగానే కీబోర్డు మొదలవుతుంది. పది సెకన్లు తిరక్కుండానే మైకులో మళ్లీ ఆయన గొంతే. ప్రార్థన అంటే మనం చెప్పుకోవడమేనని ఎప్పుడో తీర్మానించుకున్నాం. దేవుడు మాట్లాడదామనుకుంటే సందెక్కడ ఇచ్చాం?

ఇరుగుపొరుగు ప్రశాంతత చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని, చెన్నైలోని ఒక సంఘం కేసులో సుప్రీంకోర్టు 2000లోనే తేల్చింది. చర్చి మైకుల మోత గురించిన ఆ వాదన అక్కడికి చాలు. నా దిగులంతా మన చెవుల గురించి.

బైబిల్లో కర్మెలు కొండ మీద పొద్దుటి నుంచి గొంతు చించుకున్నది బయలు అనే అన్యదేవత ప్రవక్తలు. యెహోవా ప్రవక్త ఏలీయా ప్రార్థన రెండే వచనాలు. అదే ఏలీయా తర్వాతి అధ్యాయంలో ప్రాణభయంతో హోరేబు గుహలో తలదాచుకున్నాడు. పెనుగాలి, భూకంపం, మెరుపు, వేటిలోనూ యెహోవా లేడు. ఆఖరున "మిక్కిలి నిమ్మళముగా మాటలాడు ఒక స్వరము". ప్రసంగాలు సాధారణంగా ఇక్కడే ఆగిపోతాయి. నన్ను కుదిపేసేది ఆ తర్వాతి భాగం. "నేను ఒక్కడినే మిగిలాను" అని ఏలీయా అవే మాటలు రెండుసార్లు మొరపెట్టుకున్నాడు. దేవుడు అతనికి పని అప్పగించాడు, లెక్కా సరిదిద్దాడు: బయలుకు మోకాళ్లూననివారు ఇంకా 7,000 మంది ఉన్నారు! అంతటి ప్రవక్తకే తనతోపాటు నిలబడ్డ జనం కంటికి ఆనలేదు. వింటేగాని తెలియలేదు.

ఇదేమీ పరాయి పాఠం కాదు. ముంగమూరి దేవదాసు అయ్యగారు 1938లో మొదలుపెట్టిన బైబిలు మిషనులో సన్నిధి కూటమంటే దేవుని ఎదుట కనిపెట్టడమే. మన తెలుగు బైబిల్లో 'కనిపెట్టడం' అంటే ఎదురుచూడడం. కావలివారు తెల్లవారడం కోసం చూసే చూపును 130వ కీర్తన ఈ మాటతోనే చెబుతుంది. ఎంత చక్కటి మాట! బయటివాళ్లు ఆ అర్థం ఎప్పుడో మరిచారు. ఇప్పుడు మనమూ మరుస్తున్నాం.

తరతరాలుగా నోరు నొక్కేసిన పేటల జనానికి గొంతెత్తే చోటు చర్చి ఒక్కటే, అక్కడా మౌనమేనా అని అడిగేవారున్నారు. 150వ కీర్తనలో తాళాలూ ఉన్నాయి. ఆ ప్రశ్నకు నేను తలవంచుతాను. కానీ ఇవాళ మన చర్చిల్లో వినిపిస్తున్నది ఆ జనం గొంతులేనా? వెనక చాప మీద కూర్చున్న అవ్వ పాట పక్కామెకైనా వినబడుతోందా? అందరి గొంతుల్నీ ఒక్క మైకు మింగేస్తోంది.

అందుకే ఇది ఆరాధన పద్ధతితో తీరే గొడవ కాదు. దేవుని ముందు ఊరకుండడం చేతకాని నాయకుడు మనిషి ముందూ ఊరకుండలేడు. కమిటీలో కానుకల లెక్క అడిగితే వాక్యం చదువుతాడు. మొగుడు కొడుతున్నాడని ఆడమనిషి చెప్పబోతే ఓర్చుకోమంటాడు. "వినుటకు వేగిరపడువాడు"గా ఉండమని కొత్త నిబంధన పత్రికలో యాకోబు రాసింది ముందు వాళ్లకే అని నేననుకుంటాను.

ఒక ఊళ్లో ఆరాధన అయ్యాక చూశాను. ఒకామె కొంగు ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన ఆసుపత్రి చీటీ తీసింది. "అయ్యగారూ, మా పిల్లకి..." అందో లేదో ఆయన చెయ్యి ఆమె తల మీద పడింది, ప్రార్థన మొదలైంది. గట్టిగా, చాలాసేపు. ఆమెన్ అన్నాక ఆయన ఇంకొకరి వైపు తిరిగారు. ఆమె ఆ చీటీని మళ్లీ మడతల్లోనే మడిచి కొంగున కట్టుకుంది.