వెయిటింగ్ లిస్ట్ గారికి ఒక అక్క రాయునది

గౌరవనీయులైన వెయిటింగ్ లిస్ట్ గారికి,

నమస్కారం. మీరు క్షేమమేనని అడక్కుండానే తెలుస్తోంది, ఏటేటా పొడుగవుతున్నారుగా.

మానసిక వైద్యం కోసం రాయించిన మా తమ్ముడి పేరు మీ దగ్గరే ఉండాలి. 17 ఏళ్లవాడు. బుర్రలో రొద ఆగక, నిద్ర పట్టక ముందు గంజాయి, తర్వాత ఓపియాయిడ్ (నల్లమందు జాతి) నొప్పి మాత్రలు పట్టాడు. ఒక రాత్రి రెండింటికి నా గది గుమ్మంలో నిలబడి, గోడ మీద పెచ్చు గీకుతూ "అక్కా, నన్నెవరికైనా చూపించవా" అన్నాడు. ఆ ముక్క నోట్లోంచి రావడానికి వాడికి రెండేళ్లు పట్టింది. తెల్లారేసరికి మనసు మార్చుకుంటాడేమోనని నేను కాపలా కూర్చుంటే, మీరు తీరిగ్గా "నాలుగు నెలలు ఆగండి" అన్నారు.

పైగా ఆ ఫారం! పదకొండు పేజీలు. తొమ్మిదో పేజీలో "ఏ పని మీదా దృష్టి నిలవడం లేదా?" అని ప్రశ్న. అక్కడిదాకా ఓపిగ్గా నింపుకుంటూ వచ్చినవాడు "నిలుస్తోంది" అని రాయక ఏం చేస్తాడండీ.

మీకు రెండు గుమ్మాలున్నాయని తర్వాత తెలిసింది. డిప్రెషన్ చూసేవాళ్లు ముందు మత్తు మానేసి రమ్మన్నారు, మత్తు మాన్పించేవాళ్లు ముందు డిప్రెషన్ సంగతి చూసుకుని రమ్మన్నారు. ఉన్నది ఒక్క మనిషి, ఏ సగాన్ని ఏ గుమ్మం బయట వదలాలో బోర్డు పెట్టినా బాగుండేది. ఈ రెండూ ఒకదాన్నొకటి పెంచుతాయి, కలిపే చూడాలని డాక్టర్లే చెబుతారు. ఇంకోటి. కొన్ని వారాలు మానేస్తే ఒంటికి ఆ మాత్రల్ని తట్టుకునే అలవాటు తప్పిపోతుంది, అప్పుడు మళ్లీ పాత మోతాదే వేసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. అంటే మానిన వెంటనే వచ్చే ఖాళీ రోజులే ప్రమాదం. మీరు సరిగ్గా అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

చివరికి ఖాళీ దొరికిందని ఫోన్ చేశారు, ఒకే ఒక్కసారి, తెలియని నంబర్ నుంచి. ఆ వయసు పిల్లలు తెలిసిన నంబరే ఎత్తరు! "ఆసక్తి లేదు" అని రాసి పేరు కొట్టేశారు. మళ్లీ చేర్పించేలోగా వాడికి 18 నిండాయి, పిల్లల విభాగం నుంచి పెద్దల విభాగానికి, వరసలో ఆఖరుకి. పుట్టినరోజు కానుక అందింది, థాంక్సండీ.

పెద్దవాళ్లలో కనిపించే మానసిక సమస్యల్లో సగం 14 ఏళ్లకే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతూ వచ్చింది. ఆస్ట్రేలియా వాళ్లు 2006లో హెడ్‌స్పేస్ అని పెట్టి, 12 నుంచి 25 ఏళ్ల వాళ్లకి మనసు, మత్తు, మామూలు జబ్బులు, చదువు, ఉద్యోగం అన్నీ ఒకే చోట చూస్తున్నారు. 18 దగ్గర గోడ లేదు. అక్కడా మీ చుట్టాలు చేరారనుకోండి, అది వేరే సంగతి.

ఈసారి ఫోన్ చేసే ముందు ఒక మెసేజ్ పెట్టండి. వాడు మెసేజ్‌లు చూస్తాడు, రాత్రి రెండింటికి కూడా.

ఇట్లు,
క్రమసంఖ్య 212 వాళ్ల అక్క