బిజినెస్ ఎప్పుడు ఆపాలో ముందే రాసి పెట్టుకోండి

ఉద్యోగం మానేసి సొంతంగా ఏదో ఒకటి పెట్టుకుందాం అనుకునేవాళ్లు మొదట అడిగే ప్రశ్న పెట్టుబడి ఎంత కావాలి అని. ఆ తర్వాత పేరేం పెట్టాలి, బోర్డు ఎలా ఉండాలి, పేజీ ఎవరితో చేయించాలి, ఇలా సాగిపోతుంది. ఎంత వరకు పోతే నేను తట్టుకోగలను అని అడిగేవాళ్లు చాలా తక్కువ. ఎవరైనా ఆ మాట ఎత్తితే, ఇంకా మొదలే పెట్టలేదు అప్పుడే మూసే మాటలేంటి అని విసుక్కుంటారు. నా ఉద్దేశంలో మాత్రం అసలు ప్రిపరేషన్ ఆ ప్రశ్నతోనే మొదలవ్వాలి, మిగతావన్నీ తర్వాత చూసుకోవచ్చు.

మనం ఎందుకు అడగమో 1988లో వచ్చిన ఒక స్టడీ చూస్తే కొంత అర్థమవుతుంది. అమెరికాలో కొత్తగా వ్యాపారం పెట్టిన దాదాపు 3 వేల మందిని, మీది నిలబడే చాన్స్ ఎంత అని అడిగితే 81 శాతం మంది పదికి ఏడు పాళ్లు లేదా అంతకన్నా ఎక్కువే అన్నారు, మూడో వంతు మందైతే పదికి పది, అసలు డౌటే లేదు అన్నారు. అదే దేశంలో లేబర్ గణాంకాలు చూస్తే కొత్త వ్యాపారాల్లో దాదాపు ఐదో వంతు మొదటి ఏడాదిలోనే మూతపడతాయి, ఐదేళ్లు తిరిగేసరికి సగం మాత్రమే మిగులుతాయి. మూతపడ్డవన్నీ నష్టంతోనే మూతపడ్డాయని కాదు, అమ్ముకుని బయటపడ్డవాళ్లు, మళ్లీ ఉద్యోగంలోకి వెళ్లినవాళ్లు కూడా అందులో ఉంటారు. అయినా తేడా చిన్నది కాదు కదా. ఆ ధైర్యం లేకపోతే ఎవరూ మొదలే పెట్టరు అనేది కూడా నిజమే, నేను ధైర్యాన్ని తప్పు పట్టట్లేదు, లెక్క చూసుకోకుండా వచ్చే ధైర్యం గురించే అంటున్నా.

సరస్ సరస్వతి అనే రీసెర్చర్ 2001లో ఒక మాట చెప్పారు, అనుభవం ఉన్న వ్యాపారులు ఎంత వస్తుంది అని కాకుండా ఎంత పోయినా పర్లేదు అనే దగ్గర లెక్క మొదలెడతారని. వచ్చేది ఊహ, పోయేది మాత్రం మన చేతిలో ఉన్నదే కాబట్టి దాన్ని లెక్కపెట్టొచ్చు. ఇల్లు నెలకి ఎంతతో నడుస్తుందో రాయండి, అద్దె, చదువులు, మందులు, ఉన్న ఈఎంఐలు అన్నీ కలిపి, కొంచెం తగ్గించి కాదు, నిజంగా ఎంతవుతుందో అంత. బిజినెస్ నుంచి ఒక్క పైసా రాకుండా ఎన్ని నెలలు ఆగగలరో తేలుతుంది. ఆ డబ్బు వేరే ఖాతాలో, బిజినెస్ డబ్బు వేరే ఖాతాలో ఉండాలి. ఈ రెండూ కలిసిపోయిన రోజు లాభం వస్తుందో లేదో మీకే తెలీదు, గల్లాపెట్టెలోంచి ఇంటి ఖర్చుకి తీస్తూ ఉంటారు, ఇంటి డబ్బుతో సరుకు తెస్తూ ఉంటారు, ఏడాది చివర అంతా అయిపోయాక చూసుకుంటే ఏది ఎటు పోయిందో చెప్పలేరు. ఇంకోటి, కంపెనీగా రిజిస్టర్ చేసుకుంటే అప్పు నా మీదకి రాదులే అనుకుంటారు చాలామంది, కానీ చిన్న వ్యాపారానికి లోన్ ఇచ్చేటప్పుడు బ్యాంకులు మామూలుగా ఓనర్ సొంత గ్యారంటీ అడుగుతాయి, అక్కడ సంతకం పెట్టాక కంపెనీ అప్పుకీ మీ సొంత ఆస్తికీ మధ్య గోడ ఉన్నా లేనట్టే.

లాభం ఉన్నా డబ్బు ఆడకపోవడం అనేది కొత్తవాళ్లకి చివరిదాకా అర్థం కాని విషయం. సరుకు ఇచ్చినవాడికి మీరు 15 రోజుల్లో కట్టాలి, మీ దగ్గర కొన్నవాడు 60 రోజులకి ఇస్తాడు అనుకోండి, మధ్యలో 45 రోజులు ఆ బరువు మోసేది మీ జేబే. ఆర్డర్లు డబుల్ అయితే సంతోషమే, కానీ అరువు షరతులు మారకపోతే ఆ 45 రోజులు మోయాల్సిన డబ్బు కూడా డబుల్ అవుతుంది. అందుకే బాగా నడుస్తుంది అనుకున్న బిజినెస్ ఒక్కోసారి పెద్ద ఆర్డర్ వచ్చాకే చిక్కుల్లో పడుతుంది, బయటివాళ్లకి వింతగా ఉంటుంది గానీ లోపల ఉన్నవాళ్లకి తెలుసు.

డిస్కౌంట్ లెక్క కూడా ఇలాంటిదే. 100కి అమ్మే వస్తువులో మీకు మిగిలేది 30 అనుకుందాం. గిరాకీ లేదని 10 శాతం తగ్గిస్తే మిగిలేది 20. ముందు 100 అమ్మి మిగుల్చుకున్నదే మళ్లీ చేతికి రావాలంటే ఇప్పుడు 150 అమ్మాలి. పది శాతమే కదా అని ఇచ్చేశాం, పని మాత్రం సగం పెరిగింది. ఈ లెక్క తెలీక కాదు ఇచ్చేది, ఎదుటివాడు అడిగితే లేదనలేక ఇస్తాం.

అసలు సంగతి అదే, ఇక్కడ డబ్బు సమస్య అనుకునేది చాలాసార్లు మొహమాటం సమస్య. తెలిసినవాళ్లు మొదట్లో వస్తారు, భలే ఉంది అంటారు, అదే మొదటి కస్టమర్ అనుకుని మనం పొంగిపోతాం. మెచ్చుకోవడం వేరు కొనడం వేరు, కొన్నా కూడా డబ్బులు తర్వాత ఇస్తాలే అంటే ఆ బాకీ అడగడానికి నోరు రాదు, అడిగితే ఏమనుకుంటారో అని, అడక్కపోతే మనకి కడుపు మంట. బాకీ అడగడం, ధర చెప్పి ఊరుకోవడం, లేదు అనడం, ఈ మూడూ బిజినెస్ పెట్టకముందే ప్రాక్టీస్ చేయాల్సిన పనులు, నిజంగా అంటున్నా, అద్దం ముందు నిలబడి చేసినా తప్పు లేదు.

ఇంకా ఎవరూ చెప్పనిది ఒకటుంది. జీతం పడే రోజు అనేది ఒకటి ఇక ఉండదు. తిట్టే బాస్ ఉండడు సరే, కానీ బాగా చేశావు అనేవాళ్లు కూడా ఉండరు. రోజంతా ఒక్క ఫోన్ కూడా మోగకపోతే అది సరుకు గురించి కాదు నా గురించే అనిపిస్తుంది, వద్దు అని వెళ్లిపోయిన ప్రతి కస్టమరూ మనల్ని వద్దన్నట్టే ఉంటుంది. ఆ మూడ్ ఇంటికి వస్తుంది, ఇంట్లోవాళ్లు ఎలా ఉంది అని మామూలుగా అడిగినా నిలదీసినట్టు వినపడుతుంది. దీనికి నాకు తెలిసిన మందు ఒక్కటే, వారానికి ఒకరోజు కూర్చుని లెక్కలు ఇంట్లోవాళ్ల ముందు పెట్టడం, మంచివైనా చెడ్డవైనా. వాళ్లకి అంకె తెలిస్తే రోజూ అడగరు, అంకె తెలీనప్పుడే మన మొహం చూసి ఊహించుకుంటారు.

ఉద్యోగం వెంటనే మానేయాలా అంటే, నేనైతే వద్దంటాను. 2014లో వచ్చిన ఒక పరిశోధనలో, ఉద్యోగం చేస్తూ పక్కన మొదలుపెట్టి తర్వాత పూర్తిగా దిగినవాళ్లకి ఫెయిలయ్యే అవకాశం ఒకేసారి మానేసి దిగినవాళ్ల కంటే 33 శాతం తక్కువ అని తేలింది. పక్కన చేసేటప్పుడే ఈ పని మనకి పడుతుందా లేదా తెలిసిపోతుంది, పడకపోతే గొడవ లేకుండా ఆపేయొచ్చు. తెగించాలి, వెనక దారి మూసేయాలి లాంటి మాటలు స్టేజీ మీద బాగుంటాయి గానీ నెల తిరిగేసరికి కట్టాల్సినవి ఉన్నవాళ్లకి కాదు.

ఇక ఆపడం గురించి. 1985లో పరిశోధకులు నాటకాల సీజన్ టికెట్లతో ఒక ప్రయోగం చేశారు, కొందరికి పూర్తి ధరకి, కొందరికి తగ్గించి అమ్మారు, ఎవరికి ఏది దొరుకుతుందో అంతా లాటరీ లాగానే. సీజన్ మొదటి సగంలో పూర్తి ధర పెట్టినవాళ్లే ఎక్కువ నాటకాలకి వెళ్లారు. నాటకాలు అవే, పెట్టిన డబ్బు మాత్రమే వేరు. టికెట్‌కే అలా ఉంటే మూడేళ్లు, ఉన్న సేవింగ్స్, పరువు అన్నీ పెట్టినచోట ఎలా ఉంటుందో మీరే చూడండి. ఇంకో ఆరు నెలలు చూద్దాం, ఇంకొంచెం అప్పు తెద్దాం అని వెళ్తూనే ఉంటాం, అప్పటికి బుర్ర లెక్కలు వేసే స్థితిలో ఉండదు.

అందుకే బుర్ర చల్లగా ఉన్న ఇప్పుడే ఒక కాగితం మీద రాయాలి, ఫలానా తేదీకి ఇంత అమ్మకం లేకపోతే, లేదా ఇంతకన్నా ఎక్కువ డబ్బు దిగిపోతే, లేదా నిద్ర, ఒళ్లు ఇలా పాడైతే ఆపేస్తాను అని. పార్ట్‌నర్ ఉంటే ఇద్దరూ రాయాలి, స్నేహితులైతే మరీ ముఖ్యంగా. ఆ కాగితం మీ దగ్గర కాదు, మీరంటే ప్రేమ ఉండి మీ బిజినెస్ మీద పెద్దగా మోజు లేని మనిషి దగ్గర ఉంచండి. ఆ తేదీ వచ్చాక లెక్కలు పర్లేదు అనిపిస్తే ఇంకో తేదీ వేసుకోవచ్చు, కాకపోతే కొత్త తేదీ కింద మీ సంతకంతో పాటు ఆ కాగితం దాచిన మనిషి సంతకం కూడా ఉండాలి.