సగటు వాన కురిసే ఊరు

రైతు తన చేలో పడిన వానను మాత్రమే లెక్కపెట్టుకుని దిగులుపడతాడు. ఇది సంకుచిత దృష్టి అని సవినయంగా మనవి చేస్తున్నాను. చూడవలసింది దేశం మొత్తాన్ని. జూన్ నుంచి సెప్టెంబరు దాకా దేశానికి సగటున 87 సెంటీమీటర్లు రావాలి. నాలుగు శాతం అటూ ఇటూ అయినా ‘సాధారణం’ అనే ముద్ర పడుతుంది. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే దాదాపు 65 సెంటీమీటర్లు కుమ్మరించింది. ఆ వెంటనే వచ్చిన ఆగస్టులో 1901 నుంచి ఏ ఆగస్టులోనూ లేనంత తక్కువ వాన పడింది. సీజనంతా కూడితే రావలసిన సగటులో 94 శాతం. మునిగినవాడినీ ఎండినవాడినీ ఒకే అంకెలో కూర్చోబెట్టిన ఘనత సగటుదే.

రాబోయే కాలపు వానను కంప్యూటర్‌లో లెక్కగట్టే వాతావరణ నమూనాలు ఇంకా ఉదారమైనవి. చాలావాటిలో భూగోళమంతా వంద కిలోమీటర్ల గడులు. గడిలో కొండ ఉన్నా, వరి ఉన్నా, రెండు కలెక్టరేట్లు ఉన్నా అందరికీ ఒకటే వాన. ఇంతటి సమానత్వం ఏ ప్రభుత్వ పథకంలోనూ చూడలేదు.

భూమి వేడెక్కితే మన వాన పెరుగుతుందా, తగ్గుతుందా అని వాటి ముందున్న తగాదా మాత్రం సామాన్యమైనది కాదు. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే ఏడు శాతం ఎక్కువ తేమ మోస్తుంది, కనుక వాన పెరగాలి అంటాయి భూమి వేడిని పట్టి ఉంచే హరితగృహ వాయువులు. హిందూ మహాసముద్రం ఒప్పుకోదు. నేల తనకంటే బాగా కాగుతుంది కనుకనే రుతుపవనం సంక్రాంతి అల్లుడిలా ఇటు బయలుదేరుతుంది. ఇప్పుడు ఆ సముద్రపు పడమటి భాగమే కాగుతోంది. సొంతింట్లోనే అరిసెలు వండుతుంటే అల్లుడు అత్తవారింటికి వస్తాడా? చాలా నమూనాలలో మన నేల మీద తక్కువగా, భూమధ్యరేఖ దగ్గరి సముద్రం మీద ఎక్కువగా కురుస్తుంది. శాస్త్రవేత్తలు దీన్ని లోపమంటారు. నాకు మాత్రం కంప్యూటర్‌కు అల్లుడి మనసు తెలుసేమోననిపిస్తుంది.

మూడో పక్షం పొగ. గంధకపు ధూళి నేలకు గొడుగు పట్టి చల్లబరుస్తుంది. 1950ల తర్వాత కొన్ని దశాబ్దాలు మధ్య భారతంలో వాన తగ్గడానికి సముద్రపు వేడితో పాటు దీనికీ వాటా ఉందంటారు. బొగ్గు మండించే ఒకే గొట్టంలోంచి వాదీ ప్రతివాదీ చేతులు పట్టుకుని బయటికొస్తున్నారన్నమాట. ధూళి కొద్ది వారాల్లో వానకు కడుక్కుపోతుంది. హరితగృహ వాయువైన బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్)లో చెప్పుకోదగ్గ భాగం వందల ఏళ్లు కదలదు. తీర్పు ఎవరివైపు వస్తుందో తేలేలోగా ఇద్దరినీ పోషించడం మనం ఆపలేదు, న్యాయం నిష్పక్షపాతంగా ఉండాలి కదా.

నా వరకు నేను 87 సెంటీమీటర్లు వాయిదాల ప్రకారం కురిసే ఊళ్లో రెండెకరాలు కొందామనుకుంటున్నాను. నమూనా గడి దాకా చూపించింది. సర్వే నంబరు ఇంకా రావలసి ఉంది.